చిన్న ఎచివేరియా కోసం కొన్న క్లిప్ గ్రో లైట్: సీతమ్మధార రెండో అంతస్తులో ఐదు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఎండ చాలని మొక్కకి ఎండ బదులు వెలుగిచ్చే ఈ చిన్న గ్రో లైటు పనిచేస్తుంది. డబ్బా మీద రాసినంత కాదు గానీ పనిచేస్తుంది. ఐదు నెలలు రోజూ వాడి రాస్తున్నా కాబట్టి నమ్మకంగా చెప్తున్నా, 5కి మూడున్నర ఇస్తా. కానీ వైజాగ్‌లో ఉండే మీకు ఇది అసలు కావాలా వద్దా అన్నది లైటు ఎంత మంచిది అన్నదాని కన్నా మీ బాల్కనీ ఏ దిక్కు చూస్తోంది, ఇప్పుడు ఏ నెల నడుస్తోంది అన్నదాని మీదే ఉంది, అది నాకు అర్థమయ్యేసరికి మొక్క సగం పాడైపోయింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది సీతమ్మధారలో అపార్ట్‌మెంటు, బాల్కనీ దక్షిణం వైపు, పైన వాళ్ల బాల్కనీ స్లాబు మా బాల్కనీ మొత్తాన్ని కప్పేస్తుంది. తూర్పున బెడ్రూం కిటికీ ఉంది గానీ దాని ఎదురుగా బాదం చెట్టు. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబర్ 12న, మా వీధిలో పెద్ద చెట్లన్నీ ఒక్క పూటలో పడిపోయాయి, ఆ తర్వాత ఎదురింటివాళ్లు వేసిన మొక్క ఇది, ఇప్పుడు మా కిటికీ దాటి పైకి వెళ్లిపోయింది. దాని కొమ్మ కొట్టమని నేనైతే ఎప్పటికీ అడగను, ఆ తర్వాతి వేసవి చెట్టు నీడ లేకుండా ఎలా గడిచిందో ఇంకా గుర్తుంది. కాబట్టి ఆ కిటికీలో వెలుతురే గానీ ఎండ రాదు.

పోయిన సంక్రాంతి ముందు మా పాప ఫ్రెండ్ పుట్టినరోజుకి వెళ్తే రిటర్న్ గిఫ్ట్‌గా తలా ఒక బుల్లి సక్యులెంట్ (మందపాటి ఆకుల్లో నీరు దాచుకునే మొక్క) ఇచ్చారు, మూడంగుళాల తెల్ల కుండీలో, పైన రంగు గులకరాళ్లు. ఎచివేరియా. గులాబీ పువ్వు విచ్చుకున్నట్టు ఆకులు చుట్టూ పేర్చి ఉంటాయి, బూడిద కలిసిన ఆకుపచ్చ, అంచుల్లో లేత గులాబీ. పాప దానికి ఆకుపువ్వు అని పేరు పెట్టింది. నాకు అప్పటిదాకా మొక్కలంటే కరివేపాకు, తులసి, మందారం, ఇంట్లో మూలన ఒక స్నేక్ ప్లాంట్, అంతే, ఇది ఎక్కడో మెక్సికో కొండల మీది మొక్క అని, అక్కడ పగలు గట్టి ఎండ, రాత్రి చల్లగా ఉంటుందని ఇవేమీ తెలీదు. కుండీ మీద ఇండోర్ ప్లాంట్ అని స్టిక్కర్ ఉంది కానీ పాప పట్టుబట్టి బాల్కనీలో స్టూలు మీద పెట్టింది, అదే మంచిదైంది.

జనవరి, ఫిబ్రవరి రెండు నెలలు చూడాలి దాన్ని, ఎంత ముద్దుగా ఉండేదో. ఆకులు దగ్గరగా, గట్టిగా, అంచులు బాగా ఎర్రబడి. సంక్రాంతి రోజుల్లో మా బాల్కనీలోకి ఎండ హాలు గడప దాకా వచ్చేది, అత్తయ్య వడియాలు కూడా అక్కడే ఆరబెట్టేవారు. నేను పదిరోజులకోసారి నీళ్లు పోసేదాన్ని. ఏ ఇబ్బందీ లేదు. మార్చి వచ్చాక నాకొచ్చిన భయమల్లా ఎండలు ముదిరితే మాడిపోతుందేమో అనే. ఉగాది నాటికి ఎండ రెయిలింగ్ దగ్గరే ఆగిపోవడం మొదలైంది, పోనీలే మొక్కకి మంచిదే అనుకున్నా, ఎంత తప్పు ఆలోచనో చూడండి. మే వచ్చేసరికి బాల్కనీలో ఎండ చుక్క లేదు. బయట రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండ, బీచ్ రోడ్డులో మధ్యాహ్నం మనిషి కనిపించడు, అలాంటప్పుడు మా ఇంట్లో మొక్కకి ఎండ చాలక నీరసం వస్తోందని ఎవరనుకుంటారు? నేను వేడికి దాహం వేస్తుందని నీళ్లు పెంచా.

రెండు మూడు వారాల్లో మెడ సాగింది. ఆకుకీ ఆకుకీ మధ్య కాండం కనబడటం మొదలైంది, కింది ఆకులు వాలిపోయాయి, ఎరుపు పోయింది, మొత్తం మొక్క పాలిపోయి బయట వెలుతురు వైపు ఒరిగింది. పాప చూసి అమ్మా ఆకుపువ్వు పెద్దదైంది అని సంతోషపడింది. నేనూ అలాగే అనుకున్నా కొన్నాళ్లు.

మధురవాడ వైపు హైవే పక్కన ఉన్న ఒక నర్సరీకి మల్లె మొక్క కోసం వెళ్లినప్పుడు దీన్ని కూడా తీసుకెళ్లా. అక్కడ పెద్దాయన, కడియం నుంచి లోడు తెప్పిస్తుంటారు, చూడగానే తల అడ్డంగా ఊపారు. "ఏటమ్మా ఇలగైపోనాది, ఇది పెరగడం కాదు, ఎలుతురు కోసం మెడ సాపుతోంది" అన్నారు. నీళ్లు ఎక్కువ పోస్తున్నానని చెప్తే, "నీల్లు ఒగ్గీండమ్మా, ఎలుతురు లేని కాడ నీల్లు పోస్తే కుళ్లిపోద్ది" అన్నారు. ఆయన ఒక విషయం చూపించారు, తన దగ్గర సక్యులెంట్లన్నీ గ్రీన్ నెట్ కింద ఉన్నాయి, కానీ ఆ నెట్ కింద కూడా మనం కళ్లు చికిలించుకోవాలి, అంత వెలుతురు. మన హాల్లో మనకి బానే కనిపిస్తుంది కాబట్టి వెలుతురు ఉందనుకుంటాం, మన కన్ను తక్కువ వెలుతురికి సర్దుకుపోతుంది, మొక్క సర్దుకోలేదు. నాకు ఆ నెట్ కింద నిలబడ్డప్పుడే అర్థమైంది.

ఇంటికొచ్చి అదే రోజు చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ బాధే. అత్తయ్య "అమ్మాయ్, ఎండే కావాలంటే మేడ మీద పెట్టీయవే, బోలెడు ఎండ" అన్నారు, సరే కదా అని మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మేడ మీద వాటర్ ట్యాంక్ పక్కన పెట్టేసి ఆఫీసుకి వెళ్లిపోయా. సాయంత్రం వచ్చి చూస్తే పై ఆకులు నాలుగు ఉడికించినట్టు అయిపోయి, రెండు రోజులకి అక్కడ గోధుమ రంగు మచ్చలు గట్టిపడ్డాయి. ఆ మచ్చలు మళ్లీ పోవు, ఆ ఆకు ఉన్నంత కాలం ఉంటాయి. నెలల తరబడి నీడలో మెత్తబడ్డ మొక్కని ఒక్కసారి జూన్ ఎండలో కాంక్రీటు మీద పెట్టకూడదు, రోజుకి అరగంట, గంట అలా పెంచుకుంటూ పది, పదిహేను రోజులు పట్టాలి, అదీ పొద్దున్న ఎండలో. అత్తయ్య ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, నా మాట విని పాడైందే అని. ఆవిడ తప్పేం లేదు, నాకే తెలీదు.

ఇంతకీ మే నెలలో దక్షిణం బాల్కనీలోకి ఎండ ఎందుకు రాలేదు? ఇది నాకు చాలా రోజులు తొలిచేసింది. ఇంగ్లీష్ వీడియోల్లో అందరూ సక్యులెంట్‌కి దక్షిణం కిటికీ బెస్ట్ అంటారు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి వాళ్లకి అది నిజం. మన వైజాగ్ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, కర్కట రేఖకి కింద. ఉత్తరాయణంలో సూర్యుడు పైకి పైకి జరుగుతూ మే రెండో వారంలో సరిగ్గా మన నడినెత్తి మీదకి వస్తాడు, ఆ రోజు మధ్యాహ్నం నిటారు కర్రకి నీడ పడదు. ఆ తర్వాత మనల్ని దాటి ఉత్తరం వైపుకి వెళ్లిపోతాడు, మళ్లీ ఆగస్టు మొదట్లో నెత్తి మీదుగా వెనక్కి వస్తాడు. అంటే ఆ రెండున్నర నెలలు మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు! జూన్‌లో పొద్దున్న పొడవడం కూడా ఈశాన్యం వైపే. స్లాబు ఉన్న దక్షిణం బాల్కనీకి ఇక ఎండ ఎక్కణ్ణుంచి వస్తుంది. అదే డిసెంబర్‌లో అయితే మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49, 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అందుకే ఏటవాలుగా ఇంట్లోకి దూరి వడియాలు కూడా ఎండబెట్టేస్తాడు. మన పంచాంగంలో ఉత్తరాయణం, దక్షిణాయనం అని చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాం కానీ అది నా బాల్కనీలో స్టూలు ఎక్కడ పెట్టాలో చెప్పే విషయం అని ఎప్పుడూ అనుకోలేదు.

ఇది తెలిశాకే లైటు కొన్నా, జూన్ ఆఖర్లో, ఆన్‌లైన్‌లో 899 రూపాయలు. బ్రాండ్ పేరు రాయను, ఇదే బొమ్మతో ఇదే వస్తువు చాలా పేర్ల మీద అమ్ముతున్నారు. రెండు తలలు, పాము లాగా వంగే మెడలు, కింద క్లిప్పు, తీగ మధ్యలో చిన్న రిమోట్ లాంటి బటన్ల పెట్టె. ఎరుపు నీలం, వార్మ్ వైట్, రెండూ కలిపి, ఇలా మూడు రకాల వెలుగు, 3 గంటలు, 9 గంటలు, 12 గంటలు టైమర్. అడాప్టర్ ఇవ్వరు, యూఎస్‌బీ వైరు మాత్రమే. ఇది డబ్బా మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. పాత ఫోన్ చార్జర్ పెడితే మినుకు మినుకుమంది, రెండు ఆంపియర్లు ఇచ్చే చార్జర్ పెట్టాక సరిగ్గా వెలిగింది.

డబ్బా మీద 40 వాట్లు అని పెద్దగా ఉంది. మా మరిది ఎలక్ట్రికల్ పని చేస్తాడు, తన దగ్గర ప్లగ్గుకి పెట్టి కొలిచే మీటర్ ఉంది, పెట్టి చూసి "వదినా, ఇది నలభై కాదు, తొమ్మిది" అన్నాడు. రెండు తలలూ ఫుల్లుగా పెట్టినా అంతే. యూఎస్‌బీ 5 వోల్టుల మీద నలభై వాట్లు లాగాలంటే 8 ఆంపియర్లు కావాలి, ఆ సన్నటి వైరు ఎక్కడ తట్టుకుంటుంది అన్నాడు. అలా చూస్తే అది అబద్ధం అని ఎవరికైనా తెలిసిపోతుంది, అలాంటప్పుడు ఎందుకు రాస్తారో. తొమ్మిది వాట్లు అని నిజం రాసినా నేను కొనేదాన్నే, ఒక్క చిన్న మొక్కకి తొమ్మిది వాట్లు చాలు. మార్కు కోసింది దీనికే. కరెంటు మాత్రం భయపడక్కర్లేదు, రోజుకి 12 గంటలు వేసినా నెలకి మూడు యూనిట్ల పైన కొంచెం.

ఇప్పుడు అసలు విషయం, వెలుతురు ఎంత వస్తోంది అని. ఫోన్‌లో లక్స్, అంటే ఒక చోట వెలుతురు ఎంత పడుతోందో చెప్పే లెక్క, కొలిచే యాప్ పెట్టుకున్నా. ఫోన్ సెన్సర్‌ది పక్కా లెక్క కాదు, కానీ ఒక చోటికీ ఇంకో చోటికీ పోల్చుకోడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఇది మీరూ చేయండి, లైటు కొనేముందు తప్పకుండా చేయండి. మా బెడ్రూంలో టేబుల్ మీద పగలు 200 లక్స్. ఇరవై నాలుగ్గంటలూ మనం బానే ఉంది అనుకునే గది అది. బాదం చెట్టు కిటికీ గట్టు మీద 1,500. జూన్‌లో బాల్కనీ స్టూలు మీద మధ్యాహ్నం 2,500, సాయంత్రానికి వెయ్యి కూడా లేదు. మేడ మీద నేరుగా ఎండలో అయితే లక్ష దగ్గర, ఫోన్ ఆ పైన చూపించలేకపోయింది. లైటు కింద ఒక అడుగు దూరంలో, అంటే 30 సెంటీమీటర్లు, 2,500. అదే సగం దూరానికి, 15 సెంటీమీటర్లకి దించితే 8,000. దూరం సగం చేస్తే వెలుగు రెండింతలు కాదు, మూడు, నాలుగింతలు అవుతుంది, మొత్తం ఆట ఇక్కడే ఉంది. ఈ లైట్లు పనిచేయవు అని తిట్టేవాళ్లలో చాలామంది షెల్ఫు పైన ఎక్కడో బిగించి రెండడుగుల కింద మొక్క పెడుతున్నారు, అక్కడ మొక్కకి అందేది ఆ కిటికీ గట్టు మీద వెలుతురు కన్నా తక్కువ.

రోజు మొత్తానికి లెక్క కట్టుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. లక్స్‌ని గంటలతో గుణించండి. లైటు 15 సెంటీమీటర్లలో 8,000, 12 గంటలు, అంటే 96,000. ఇప్పుడు నవంబర్‌లో మా బాల్కనీలో పొద్దున్న తొమ్మిదింటికి ఎండ కొలిస్తే 50,000 వచ్చింది, అంటే రెండు గంటల ఎండ లక్ష. అర్థమైందా, పన్నెండు గంటలు లైటు వెలిగించి నేను ఇస్తున్నది, దక్షిణాయనంలో సూర్యుడు రెండు గంటల్లో ఊరికే ఇచ్చేస్తున్నాడు. బెడ్రూం టేబుల్ మీద పన్నెండు గంటలకి 2,400. జూన్ బాల్కనీలో రోజంతా కలిపినా ఇరవై వేలు దాటదు. మొక్క ఎందుకు మెడ సాచిందో ఈ నాలుగు అంకెలు చూస్తే చాలు. ఒక్క జాగ్రత్త, ఈ లక్స్ లెక్క తెల్ల వెలుగుకే. ఎరుపు నీలం మోడ్ పెట్టి కొలిస్తే యాప్ చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే లక్స్ అన్నది మనిషి కంటికి కొలత, మన కన్ను ఆకుపచ్చ, పసుపుకి ఎక్కువ స్పందిస్తుంది, మొక్క ఎరుపు నీలాన్ని బాగా వాడుకుంటుంది.

అలాగని ఆ ఎరుపు నీలం మోడ్ వాడమని చెప్పను. ఇల్లంతా వంకాయ రంగు, కళ్లు లాగేస్తాయి, అన్నిటికన్నా ముఖ్యం ఆ రంగులో మొక్క అసలు రంగు కనిపించదు, పాలిపోయిందా, మచ్చ వచ్చిందా తెలీదు. ఎదురింటి ఆంటీ రెండో రోజే "మీ ఇంట్లో ఆ లైటేంటమ్మా, ఏమైనా వైద్యమా" అని అడిగారు. తెల్ల వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి, మొక్కకి సరిపోతుంది, వైటే పెట్టుకోండి.

టైమర్ బాగుంది అనుకునేలోపే దాని లోపం బయటపడింది. 12 గంటలు పెడితే పన్నెండు గంటలకి ఆరిపోయి మర్నాడు అదే టైముకి తనంతట తను వెలగాలి, వెలుగుతుంది కూడా, కానీ మధ్యలో కరెంటు పోయి వస్తే అంతా మర్చిపోతుంది. వర్షాకాలంలో గాలి వీస్తే చాలు మాకు కరెంటు పోతుంది, జూలైలో మేం ఊరెళ్లి వచ్చేసరికి లైటు ఎన్ని రోజుల్నుంచి ఆరిపోయి ఉందో తెలీదు. చివరికి గోడ ప్లగ్గుకి పెట్టే తిరుగుడు టైమర్ వేరేగా కొంటే కూడా లాభం లేకపోయింది, కరెంటు ఇస్తే సరిపోదు దీనికి, బటన్ నొక్కాలి. కొనేముందు అమ్మేవాళ్లని ఇది అడగండి, కరెంటు రాగానే తనే వెలుగుతుందా అని. ఇప్పుడు పొద్దున్న పాప స్కూలుకి వెళ్లేముందు నొక్కుతుంది, అది దాని డ్యూటీ.

పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకానే వేయండి, రాత్రి వద్దు. దీనికి రెండు కారణాలు. ఈ సక్యులెంట్లు పగలు ఆకుల మీది సన్నటి రంధ్రాలు మూసేసుకుని రాత్రి చీకట్లో తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఎండ ప్రాంతంలో నీరు ఆవిరైపోకుండా అది వాటి పద్ధతి, కాబట్టి వాటికి చీకటి కూడా కావాలి, ఇరవై నాలుగ్గంటలూ వెలిగిస్తే త్వరగా పెరుగుతుంది అనుకోకండి. రెండోది, మన ఊళ్లో తొలకరి పడ్డాక సాయంత్రం లైటు వేస్తే ఉసిళ్లు. ఒక్క రోజు మర్చిపోయా, కుండీ నిండా రెక్కలే.

సముద్రం ఊళ్లో ఉండేవాళ్లకి ఇంకో మాట. క్లిప్పు స్ప్రింగు మూడో నెలకే తుప్పు పట్టింది, మేము బీచ్‌కి అంత దగ్గర కూడా కాదు, లాసన్స్ బే, పెద వాల్తేరు వైపు వాళ్లకి ఇంకా ముందే పడుతుంది. కొబ్బరినూనె రాసి నడిపిస్తున్నా. మెడలు మాత్రం బానే నిలబడ్డాయి, వాలిపోలేదు. ఐదో వారంలో ఒక తల వెలిగి ఆరడం మొదలైంది, రిటర్న్ గడువు అప్పటికే అయిపోయింది, వారంటీ కార్డు మీద ఆరు నెలలు అని ఉంది గానీ ఫోన్ నంబర్ లేదు, అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే జవాబు లేదు. నాకు చాలా కోపం వచ్చింది, డబ్బు గురించి కాదు, అప్పుడే మొక్కకి కొత్త వేర్లు వస్తున్న రోజులు. మరిది విప్పి లోపల ఊడిన వైరు అతికించాడు, అప్పట్నుంచి మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. ఇంట్లో అలాంటి మనిషి లేకపోతే ఏం చేస్తారు మరి.

ఇక మొక్క సంగతి. ఇది అందరూ తెలుసుకోవాలి, సాగిపోయిన మెడ ఎంత వెలుతురు ఇచ్చినా మళ్లీ పొట్టి అవదు. లైటు పెట్టాక కొత్తగా వచ్చే ఆకులు దగ్గరగా వస్తాయి, పాత సాగుడు అలాగే ఉంటుంది. కొన్ని రోజులు ఆ తల బరువుకి ఒరిగిపోతుంటే చూసి చూసి, నర్సరీ పెద్దాయన చెప్పినట్టు జూలై మొదట్లో తల కోసేశా. పదునైన బ్లేడు, స్పిరిట్‌తో తుడిచి, తల కింద ఒక అంగుళం కాండం ఉంచి కోశా. చేతులు వణికాయి, పాప వేరే గదిలోకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు తలని నీడలో కాగితం మీద పెట్టి కోసిన చోట ఆరనిచ్చా, మన ఉక్కపోతకి నాలుగు రోజులు తప్పనిసరి, తడిగా మట్టిలో పెడితే కుళ్లు. తర్వాత ఇసుక, చిన్న ఇటుక ముక్కలు ఎక్కువ, మట్టి తక్కువ కలిపి దాని మీద కూర్చోబెట్టా. వేర్లు లేని తలకి గట్టి వెలుతురు వద్దని మొదటి రెండు వారాలు లైటు అడుగు దూరంలో రోజుకి ఆరు గంటలే వేశా. మూడో వారంలో మెల్లగా లాగి చూస్తే పట్టుకుంది! అప్పుడు 20 సెంటీమీటర్లకి దించి పది గంటలు, ఇంకో వారానికి 15కి దించి పన్నెండు గంటలు.

ఆగస్టు ఆఖరికి మధ్యలో వచ్చిన ఆకులు చూశాక నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. బిగుతుగా, ఒకదాని మీద ఒకటి, పైన ఆ తెల్లటి పొడి లాంటి పూతతో. ఆ పొడిని చేత్తో తుడవకండి, దుమ్ము కాదు అది, ఎక్కువ ఎండ నుంచి ఆకుని కాపాడే మైనం, ఒకసారి పోతే ఆ ఆకు మీద సరిగ్గా తిరిగి రాదు. కోసిన మోడు పాత కుండీలోనే ఉంచి రెండో తల కింద పెట్టా, దాని పక్కల నుంచి మూడు పిల్లలు వచ్చాయి. కింద రాలిన ఆకులు నాలుగు మట్టి మీద ఊరికే పడేస్తే రెండింటికి వేర్లు, బుల్లి మొక్కలు. ఇదంతా తొమ్మిది వాట్ల లైటు కింద, బెడ్రూం టేబుల్ మీద, బయట కుండపోత వానలు పడుతుండగా. అందుకే లోపాలన్నీ ఉన్నా మూడున్నర ఇస్తున్నా, నా మొక్క బతకడం దీని వల్లే.

ఒకటి మాత్రం దీనితో రాలేదు, ఎరుపు. ఆ అంచుల ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు, గట్టి ఎండ, చల్లటి రాత్రులు ఉంటే వస్తుంది. లైటు కింద మొక్క ఆరోగ్యంగా, ముచ్చటగా ఉంది కానీ అంతా ఒకటే ఆకుపచ్చ. డబ్బా మీద బొమ్మలో కుంకుమ రంగు మొక్క చూసి కొనకండి.

నా దగ్గర తర్వాత చేరిన హవోర్తియా సంగతి వేరు, చారల చారలుగా ఉంటుందే, చూడ్డానికి చిన్న కలబంద లాగా. దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ల సందున పెరిగే రకం. అదీ బాగుపడుతుందని ఎచివేరియా పక్కనే లైటు కింద పెడితే పది రోజుల్లో ఇటుక రంగుకి తిరిగి, ఆకుల చివర్లు ఎండాయి. తీసి బాదం చెట్టు కిటికీలో పెట్టా, 1,500 లక్స్, హాయిగా ఉంది, పచ్చగా తిరిగింది. కాబట్టి మీ దగ్గర ఉన్నది హవోర్తియానో, గాస్టీరియానో, స్నేక్ ప్లాంటో అయితే ఈ లైటుకి డబ్బులు పెట్టకండి, మంచి కిటికీ గట్టు చాలు. జేడ్ మొక్క మధ్యరకం, మా బాల్కనీ రెయిలింగ్ దగ్గర ఏడాదంతా నడుస్తోంది, జూన్, జూలైలో కొంచెం సాగింది అంతే, కత్తిరిస్తే గుబురైంది. తూర్పు ఎండ ఎనిమిదింటి దాకానో తొమ్మిదింటి దాకానో తగిలే ఇల్లున్న వాళ్లకి కూడా లైటు అవసరం లేదు, ఆ పొద్దున్న ఎండ కన్నా మంచిది ఏదీ కొనలేం. మధ్యాహ్నం పడమటి ఎండ పడే బాల్కనీ అయితే మీకు కావలసింది లైటు కాదు, ఏప్రిల్, మే నెలల్లో కట్టుకోడానికి ఒక ముక్క గ్రీన్ నెట్. ఎచివేరియా, గ్రాప్టోపెటాలం లాంటి గులాబీ ఆకారం రకాలు పెంచుతూ, మాలాగా స్లాబు కింద దక్షిణం బాల్కనీనో, చుట్టూ అపార్ట్‌మెంట్లు కమ్మేసిన ఇల్లో ఉన్నవాళ్లు, మీరు కొనండి. అది కూడా మే నుంచి సెప్టెంబర్ దాకా వాడుకోడానికి.

కొన్నాక మీటరు చూస్తూ కూర్చోనక్కర్లేదు, రెండు వారాలకోసారి మొక్క మధ్యలోకి చూడండి. కొత్త ఆకులు నిటారుగా కాకుండా వెల్లకిలా విచ్చుకుని కిందికి వాలుతుంటే దగ్గరికి దించండి. మరీ ముడుచుకుపోయి బంతిలా బిగుసుకుంటే, రంగు వెలిసినట్టు అయితే కాస్త దూరం జరపండి. ఒక పక్కకే ఒరుగుతుంటే కుండీని పావు వంతు తిప్పండి, మేం ప్రతి ఆదివారం తిప్పుతాం. లైటు గంటలు తగ్గిస్తే నీళ్లు కూడా తగ్గించండి, తక్కువ వెలుతురులో మట్టి ఆరదు, మన గాలిలో తేమకి అసలే ఆరదు.

దసరా నాటికి ఎండ మళ్లీ రెయిలింగ్ దాటి లోపలికి రావడం మొదలైంది. దీపావళి తర్వాత నుంచి ఆకుపువ్వుని రోజుకి అరగంటతో మొదలుపెట్టి పొద్దున్న ఎండలో పెడుతూ వచ్చాం, ఈసారి తొందరపడలేదు, మూడు వారాలు పట్టింది. నిన్న కార్తీక సోమవారం దీపం పెట్టడానికి బాల్కనీలోకి వెళ్లిన అత్తయ్య గట్టిగా పిలిచారు, "అమ్మాయ్, ఇలా రావే, అంచులు చూడు". సన్నటి గీతలా ఎరుపు, రెండే రెండు ఆకులకి. లైటు ఇప్పుడు మోడు మీది మూడు పిల్లల మీద వెలుగుతోంది, వాటిలో ఒకటి ఆ పుట్టినరోజు ఇంటికే ఇద్దామని పాప అప్పుడే కుండీ రంగులు వేసి పెట్టుకుంది.